ఆపకుండా నడిచే కంప్యూటరుకు ఏ కూలర్?

చిరంజీవి అల్లుడికి, చిత్తూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

తిరుపతిలో నీ స్టూడియో మిద్దె మీది గదిలో పెళ్ళి ఫోటోలూ వీడియోలూ దాచే కంప్యూటరును ఇకపై రాత్రింబవళ్ళు నడపాలనుకుంటున్నావనీ, దానికి ఫ్యాన్ కూలర్ చాలునా, లిక్విడ్ కూలర్ కొనాలా అనీ అడిగావు. ఫ్యాన్ కూలరే పెట్టించు.

ఏ కూలరైనా చేసేది ప్రాసెసర్ వేడిని తీసి గదిలోకి వదలడమే. ఫ్యాన్ కూలర్‌లో రాగి గొట్టాలు ఆ వేడిని అల్యూమినియం రేకులకు చేరుస్తాయి. లిక్విడ్ కూలర్‌లో పంపు తోసే ద్రవం దానిని రేడియేటర్‌కు మోసుకుపోతుంది. ఆ తర్వాత రెండింటిలోనూ ఫ్యాన్లు ఊదేది నీ గదిలోని గాలినే. మే నెలలో ఆ గది 38 డిగ్రీలుంటే, ఎంత ఖరీదైన కూలరైనా ప్రాసెసర్‌ను అంతకంటే చల్లబరచలేదు. అందుచేత ముందుగా వేడిగాలి బయటికి పోయేందుకు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించు.

ఏడాదికి 8760 గంటలు నడిచే యంత్రంలో ఎప్పటికైనా ఏదో ఒక భాగం ఆగుతుంది. అది ఆగినప్పుడు ఏమవుతుందన్నదే నేను ముందు చూసుకుంటాను. మా దుకాణంలో వాడిన లిక్విడ్ కూలర్ మూడో వేసవిలో ఆగింది. రేడియేటర్ ఫ్యాన్లు తిరుగుతూనే ఉండటంతో పంపు ఆగిపోయిందని ఎవరికీ తట్టలేదు. ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరి కంప్యూటరు పదేపదే ఆగిపోతుంటే రెండు రోజులు పవర్ సప్లైని అనుమానించాను, ఆ రెండు రోజులూ కస్టమర్ల పని నిలిచిపోయింది. పైగా అటువంటి మూసిన కూలర్లలో ద్రవం ఏళ్ళ తరబడి గొట్టాల గుండా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది, చాలావాటిలో మళ్ళీ నింపే వీలుండదు. ఫ్యాన్ కూలర్‌లో పాడయ్యేది దాదాపు ఫ్యాను ఒక్కటే. అది ఆగినా రేకులు కొంత వేడిని వదులుతూనే ఉంటాయి, ఆ సాయంత్రమే కొత్త ఫ్యాను తెచ్చి నువ్వే బిగించుకోవచ్చు.

ఫైళ్ళు దాచే పనికి 65 వాట్ల తరగతి ప్రాసెసర్ ధారాళంగా సరిపోతుంది, దానికి ఒక మోస్తరు టవర్ కూలర్, అంటే నిలువుగా నిలిచే ఫ్యాన్ కూలర్, చాలు. 200 వాట్లు దాటే ప్రాసెసర్‌తో గంటల కొద్దీ వీడియో రెండరింగ్ చేసే ఎడిటింగ్ కంప్యూటరుకైతే లిక్విడ్ కూలర్ తగినదే. అప్పుడు రేడియేటర్‌ను క్యాబినెట్ పైభాగంలో బిగించమను, గాలి బుడగలు పంపులో చేరవు.

టవర్ కూలర్లు కొన్ని 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, క్యాబినెట్ తలుపు మూతపడకపోతే దుకాణం చుట్టూ తిరగాలి. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను తీసిన తర్వాతే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్టు పూసి బిగించు. అనుభవమున్నవారు సైతం దానిని మరచిపోవడం చూశాను. ఏటా మార్చిలోనే దుమ్ము దులుపు, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకో.

కొనే ముందు ప్రాసెసర్ మోడలూ, క్యాబినెట్ లోపలి కొలతా రాసి పంపు, సరిపోయే కూలర్ చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య