బందరులో స్థలం కొనవచ్చా? జనం తగ్గిన ఊళ్లో ఇళ్లు ఎందుకు పెరుగుతున్నాయి?

హైదరాబాదులో స్థిరపడిన బందరు వారొకరు అడిగిన ప్రశ్న ఇది: మచిలీపట్నంలో తాతగారి నాటి పెంకుటిల్లు ఉంది, ఎవరూ ఉండటం లేదు. పోర్టు వస్తోంది, ఊరు రెట్టింపు అవుతుందని బంధువులంతా అంటున్నారు. ఆ ఇల్లు అమ్మేసి ఊరి బయట వెంచరులో స్థలం కొంటే లాభమా?

నా సలహా అయితే వద్దనే. నేను పుట్టి పెరిగిన ఊరు ఇది. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు బెజవాడలో ఉండి, రిటైరయ్యాక తిరిగి వచ్చి పరాసుపేటలో ఉంటున్నాను. ఇక్కడ పోర్టు గురించి మాట్లాడని మనిషి కనబడడు. ఊళ్లో మనుషులు ఎంతమంది ఉన్నారని అడిగేవాడు మాత్రం అరుదు. స్థలం ధర నిలబడాలంటే అక్కడ కాపురం ఉండేవాళ్లు కావాలి కదా, అందుకని ముందు జనం లెక్కే చూద్దాం.

2001 జనాభా లెక్కల్లో మచిలీపట్నం పట్టణంలో సుమారు 1.79 లక్షల మంది ఉన్నారు. 2011 వచ్చేసరికి అది 1.70 లక్షల దగ్గరికి దిగింది. జిల్లా కేంద్రమై ఉండి, కలెక్టరాఫీసూ కోర్టులూ కాలేజీలూ అన్నీ పెట్టుకుని కూడా పదేళ్లలో దాదాపు పది వేల మందిని పోగొట్టుకున్న ఊరు మనది. అదే సమయానికి డెబ్బై కిలోమీటర్ల దూరంలోని బెజవాడ పది లక్షలు దాటింది. 2021లో జరగవలసిన లెక్కలు వాయిదా పడ్డాయి కాబట్టి, ఇప్పుడు వెంచర్ల కరపత్రాల్లో కనిపించే జనాభా అంకెలన్నీ ఎవరికి తోచినవి వాళ్లు వేసుకున్నవే.

బందరు నుంచి వెళ్లిపోవడం ఈనాటిది కాదు. 1864 నవంబరు ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆ దెబ్బతో రేవు వైభవం పోయింది. తర్వాత కాకినాడకు ఓడలూ, బెజవాడకు రైళ్లూ దక్కాయి. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఇక్కడ పెట్టిన ఆంధ్రా బ్యాంకు పెద్దదై హైదరాబాదు చేరింది, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసి పేరు కూడా మిగలలేదు. నోబుల్ కాలేజీ 1843 నాటిది. అంటే దాదాపు రెండు శతాబ్దాలుగా చదువు చెప్పి పిల్లల్ని బయటికి పంపడమే ఈ ఊరి ప్రధాన పరిశ్రమ. (చిలకలపూడి రోల్డ్ గోల్డు వాళ్లు ఈ మాటకు ఒప్పుకోరు. వాళ్ల పని ఇప్పటికీ వేల కుటుంబాలకు అన్నం పెడుతోంది, ఆ మాట ఒప్పుకోవాలి.)

ఇక రోడ్డు సంగతి. విజయవాడ వరకు జాతీయ రహదారి 65 నాలుగు వరుసలు అయ్యాక ఊరు బాగుపడుతుందని అందరం అనుకున్నాం. సరుకుకు మేలు జరిగింది, మనుషుల విషయంలో మాత్రం వ్యవహారం అడ్డం తిరిగింది. గంటన్నరలో బెజవాడ చేరగలిగినప్పుడు ఇక్కడ కాపురం పెట్టడం ఎందుకని ఉద్యోగస్తులు లెక్క వేసుకున్నారు. పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య బస్టాండుకు వెళ్లి చూడండి. బెజవాడ బస్సులోంచి భుజాన సంచీ, చేతిలో టిఫిన్ క్యారియరుతో దిగేవాళ్లలో సగం మంది మన ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. సాయంత్రం ఐదున్నరకు అదే బస్సు, అవే ముఖాలు. జీతం బందరులో, అద్దె బెజవాడలో, పిల్లల ఫీజులు ఇంకా అవతల. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీసి విజయవాడకు ఎన్టీఆర్ జిల్లా ఇచ్చాక, అధికారులు ఇక్కడే ఉండక తప్పదన్నారు. ఉన్నవాళ్లు ఉన్నారు, కానీ కుటుంబాలు రాలేదు.

అయితే ఇన్ని కొత్త డాబాలు ఎవరివి? ఈ అనుమానం మీకు రావాలి, ఊళ్లోకి రాగానే కనబడేవి అవే కాబట్టి. నలుగురు అన్నదమ్ములు ఒకే పెంకుటింట్లో ఉన్న రోజుల్లో ఒక ఇంటికి పన్నెండు మంది లెక్క. ఇప్పుడు పంపకాలయ్యాయి, నాలుగు డాబాలు లేచాయి, ఒక్కొక్కదానిలో ఇద్దరు ముసలివాళ్లు ఉంటున్నారు. రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1.7. ఉన్న జనాభా నిలబడటానికే 2.1 కావాలంటారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో ప్రభుత్వం ఎత్తేసిందంటే భయం ఎంత వరకు వచ్చిందో చూడండి. ఇళ్ల సంఖ్య పెరగడానికి మనుషులు పెరగనక్కరలేదు, విడిపోతే చాలు.

మా వీధి చివర ఒక మూడంతస్తుల ఇల్లుంది. కొడుకు అమెరికా నుంచి డబ్బు పంపి కట్టించాడు. కింద తల్లి, ఆవిడకు తోడుగా ఉండే ఒక అమ్మాయి. రెండో అంతస్తులో గ్రానైటు, పాలరాయి దేవుడి గది, ఫ్యాన్లకు ఇంకా తీయని ప్లాస్టిక్ కవర్లు. సంక్రాంతికి నాలుగు రోజులు లైట్లు వెలుగుతాయి. అద్దెకివ్వరాదా అంటే, 'వాడు వస్తే ఎక్కడ ఉంటాడు' అంటుంది ఆవిడ. ఈ ఇల్లు లెక్కలో ఇల్లే, సిమెంటు కొట్టువాడికి వ్యాపారమే. ఊరికి మాత్రం ఒక్క మనిషిని కూడా చేర్చలేదు.

నిజంగా పెరుగుతున్నది ఊరి అంచులు. కరగ్రహారంలో మెడికల్ కాలేజీ 2023లో 150 సీట్లతో మొదలైంది. రుద్రవరం వైపు కృష్ణా విశ్వవిద్యాలయం, టిడ్కో ఇళ్లు (ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించిన ఫ్లాట్లు). బైపాసు పొడవునా ప్లాట్ల హద్దురాళ్లు. కరగ్రహారంలోనే పట్టణ పేదలకు సెంటు స్థలాల కాలనీ వేశారు. సెంటంటే 48 గజాలు చిల్లర. నేను అటు వెళ్లినప్పుడు పూర్తయి గుమ్మానికి తోరణం కట్టిన ఇళ్లూ కనిపించాయి, పునాదితో ఆగి తుమ్మ మొలిచినవీ కనిపించాయి. ఊళ్లో కూలి పని చేసుకునే మనిషికి రోజూ అక్కడి నుంచి వచ్చిపోయే ఆటో ఖర్చే భారం. అందుకే కొందరు ఇల్లు అక్కడ పెట్టుకుని, అద్దెకు ఊళ్లోనే ఉంటున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు అసలైన సంగతి, నీళ్లు. మన నేల కింద ఉన్నది ఉప్పునీరు. ఊరికి తాగునీరు కృష్ణా కాలువ నుంచి రావాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి తరకటూరు చెరువులో ముందే నింపి పెట్టుకుని పొదుపుగా వదులుతారు. పైపులైను పాత పేటల్లో ఉంది, కొత్త వెంచర్లలో చాలా చోట్ల బోరే గతి. వెంచరువాడు 'ఇరవై అడుగుల్లో నీళ్లు పడతాయి' అంటాడు. పడతాయి, అబద్ధం కాదు. ఆ నీటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కొత్త కుళాయి ఏడాది తిరగకుండానే తెల్లగా గారపడుతుంది. తాగడానికి టిన్నులు కొనుక్కోవడం అలవాటైపోయింది కానీ స్నానానికి, వంటకు, బట్టలకు కూడా కొనలేం కదా.

కొందరు మేస్త్రీలు ఆ బోరునీళ్లతోనే కాంక్రీటు కలుపుతారు, దానితోనే స్లాబు తడుపుతారు. సముద్రపు గాలికి ఈ నీరు తోడైతే ఇనుప ఊచలు లోపలే తుప్పుపట్టి ఉబ్బుతాయి, స్లాబు కిందివైపు పెచ్చులు ఊడిపడతాయి. నాకు తెలిసిన ఒక డాబా పదిహేనేళ్లు కాకముందే వరండా కప్పులో ఊచలు బయటపడ్డాయి. పక్కనే సున్నంతో కట్టిన వందేళ్ల నాటి గోడ గట్టిగానే ఉంది, కింద రెండడుగుల మేర చెమ్మకు పొడి రాలుతోంది తప్ప. మీ తాతగారి ఇల్లు ఆ కాలపుదే అయితే ముందు దూలాలకు చెద పట్టిందేమో చూపించండి. గోడల గురించి అంత బెంగ అక్కరలేదు.

నీళ్లు రావడం ఎంత కష్టమో పోవడం కూడా అంతే. ఊరు సముద్ర మట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉంది. శివగంగ డ్రెయిను లాంటివి సముద్రంలోకి దిగాలంటే అక్కడ పాటు, అంటే సముద్రం వెనక్కి తగ్గే సమయం, ఉండాలి. వాన, పోటు ఒకేసారి వస్తే నీరు కిందికి వెళ్లకపోగా వెనక్కి తన్నుతుంది. డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుంటే చెప్పనే అక్కరలేదు. పాత పేటలు మన పెద్దవాళ్లు చూసుకుని మెరకల మీద వేసుకున్నవి. ఈ వెంచర్లలో చాలా వరకు మొన్నటి దాకా వరి పొలాలో, రొయ్యల చెరువులో. పైన నాలుగడుగుల బుసక (ఇసక మట్టి) పోసి చదును చేసి గేటు పెడతారు. బుసక పోసిన స్థలం ఎత్తవుతుంది, నిజమే. దాని మీద పడిన నీరు పక్క స్థలానికి పోతుంది. ఆ పక్క స్థలం మీదే అయితే ఏమవుతుందో ఆలోచించండి. రోడ్డు కూడా రెండేళ్లకోసారి పాతదాని మీద కొత్తది పోస్తూ ఎత్తుపెంచుతారు. పదేళ్లలో మీ గుమ్మం రోడ్డు కంటే పల్లంలో పడుతుంది.

పోర్టు గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 2008లో, 2019లో, 2023లో, ముగ్గురు ముఖ్యమంత్రులు దానికి కొబ్బరికాయ కొట్టారు. ఈసారి మాత్రం తపసిపూడి దగ్గర నిజంగానే పని జరిగింది, రాళ్ల అడ్డుగట్లు సముద్రంలోకి సాగాయి, నేను కళ్లారా చూశాను. నాలుగు బెర్తులు, 5 వేల కోట్ల పైచిలుకు ఖర్చు. పోర్టు వస్తుందనే నా నమ్మకం. పోర్టు వస్తే జనం వస్తారన్నదే నాకు నమ్మకం కుదరని మాట. ఈ రోజుల్లో బొగ్గు దింపడానికీ ఎరువు ఎక్కించడానికీ క్రేన్లు, కన్వేయర్లు ఉంటాయి, కూలీల బారులు ఉండవు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం పోర్టు 2008 నుంచి నడుస్తోంది. అక్కడ ఉద్యోగం చేసే మధ్యతరగతి వాళ్లు కాపురం పెట్టేది చాలా వరకు నెల్లూరులో, బడులూ ఆసుపత్రులూ ఉన్న చోట. అదే లెక్కన ఇక్కడ లాభపడేది బందరు పాత పేటలు కావచ్చు, లేదా గంటన్నర దూరంలో ఉన్న బెజవాడ కావచ్చు. బీచి రోడ్డులో హద్దురాళ్లు పాతిన ప్లాటు కాబోదు. 2024లో పెద్ద రిఫైనరీ బందరుకే వస్తుందన్న ప్రచారం గుర్తుందా? ఆ కొన్ని నెలలు గజం ధర నోటికి వచ్చినట్టు చెప్పారు. అది చివరికి రామాయపట్నం వైపు వెళ్లింది. అప్పుడు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఇప్పుడు కొనేవాళ్లను వెతుకుతున్నారు, మీకు ఫోన్లు వస్తున్నది వాళ్ల దగ్గర నుంచే అయి ఉండవచ్చు.

రైలు విషయం ఒక్క మాట. గుడివాడ నుంచి జంట లైను, కరెంటు లైను అన్నీ పూర్తయ్యాయి. కానీ లైను ఇక్కడితో ఆగిపోతుంది. రేపల్లెకు కలపమని నా చిన్నప్పటి నుంచీ వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నారు. అది కలిస్తే మద్రాసు వైపు వెళ్లే దారి దగ్గరవుతుంది, అప్పుడు ఊరి జాతకం గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు. రహదారి 216 వల్ల పెనుమూడి వంతెన మీదుగా ఒంగోలు వైపు, ఇటు కత్తిపూడి వైపు లారీలు బాగానే తిరుగుతున్నాయి, దాని మీద ధాబాలు, టైర్ల కొట్లు వెలిశాయి. కాపురాలు ఇంకా వెలవలేదు.

అందుచేత నేనైతే ఆ పెంకుటిల్లు ఉంచుకుంటాను. మున్సిపల్ కుళాయి ఉంది, మెరక మీద ఉంది, బజారు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఈ మూడింటినీ ఏ వెంచరువాడూ అమ్మజాలడు. కప్పు బాగుచేయించి రెండు పోర్షన్లు చేస్తే మెడికల్ కాలేజీ, ఆసుపత్రి సిబ్బంది అద్దెకు అడుగుతారు. వాళ్లు రాత్రి డ్యూటీలు ఉన్నవాళ్లు, రోజూ బెజవాడ వెళ్లి రాలేరు. కొత్తగా కట్టదలిస్తే పునాదిని రోడ్డు మీద కనీసం మూడడుగులు లేపండి, కాంక్రీటుకు మంచినీళ్ల ట్యాంకరు తెప్పించండి, మేస్త్రీ నవ్వినా సరే.

అయినా స్థలమే కొనాలని మనసు పడితే సంక్రాంతికి వచ్చి చూడకండి, అప్పుడు ఊరంతా పొడిగా అందంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాన పడ్డ మర్నాడు, అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా రండి. ఏజెంటు లేకుండా వెళ్లి, పక్క పొలం రైతును నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో అడగండి. బోరునీళ్లు ఒక సీసాలో పట్టుకుని ఇంటికి తెచ్చి టీ పెట్టుకుని చూడండి. పోర్టుకు నోటిఫై చేసిన భూముల్లో ఆ సర్వే నంబరు ఉందో లేదో పట్టణాభివృద్ధి సంస్థ ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోండి.

మీరు రాయలేదు కానీ ఇంకొకటి అడగాలి. ఆ ఇంటి పన్ను రసీదు ఇప్పుడు ఎవరి పేరున వస్తోంది? తాతగారి పేరునే ఉంటే అమ్మకమైనా మరమ్మతు అప్పయినా కదలదు. మేనత్తల పిల్లలతో సహా వారసులందరి సంతకాలూ కావాలి. అందరూ బతికి, మాట్లాడుకుంటూ ఉన్నప్పుడే ఆ పని పూర్తిచేసుకోండి.