బ్రాహ్మి, సరస్వతి ఆకు ఒకటేనా? పరీక్షల ముందు పిల్లలకి ఇవ్వొచ్చా?

ఒకటి కాదు. పరీక్షల ముందు మాత్రం ఇవ్వకండి. మీ అబ్బాయికి ఇంకో మూడు వారాల్లో పదో తరగతి పరీక్షలని రాశారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇది మా ఇంట్లో జరిగింది.

మా తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, సరస్వతి ఆకు రసం పరగడుపున తాగిస్తే చదివింది చదివినట్టు గుర్తుంటుందని ఎదురింటి పిన్నిగారు అమ్మకి చెప్పారు. మర్నాడే అమ్మ పాలు పోసే ఆవిడ చేత ఒక కట్ట తెప్పించింది. రోట్లో నూరి, పల్చటి గుడ్డలో పిండి, గ్లాసు నిండా రసం తీసేది. వాడు ముక్కు మూసుకుని తాగేవాడు. నాలుగో రోజుకి కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు. ఫిజిక్స్ పరీక్షకి రెండు ముద్దలు మజ్జిగన్నం తిని, ఓఆర్ఎస్ నీళ్ళ సీసాతో వెళ్ళాడు. సగం పేపరు రాసి బయటికొచ్చి గేటు పక్కన కూలబడ్డాడు. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

రెండు రోజులకి అమ్మమ్మ వచ్చింది. బకెట్‌లో మిగిలిన ఆకు తీసి ఒకటి నమిలి ఊసేసింది. "ఇది సరస్వతాకు కాదే, నీరుసాంబ్రాణి. ఎక్కడ కోశారిది?" అంది. రైసు మిల్లు వెనక మురుగు కాలవ గట్టున అని తెలిశాక ఇంక మాట్లాడలేదు. పొద్దున్నే నన్ను చెరువు గట్టుకి తీసుకెళ్ళి రెండు మొక్కలూ చూపించింది.

నీరుసాంబ్రాణే బ్రాహ్మి. బురదలో పాకుతుంది. కాడ రసంతో మెత్తగా ఉంటుంది, కణుపు కణుపుకీ వేళ్ళు. ఆకులు చిన్నవి, దళసరి, కాడకే అతుక్కుని ఎదురెదురుగా ఉంటాయి. తెల్లగానో లేత ఊదాగానో ఐదు రేకుల పువ్వు. నోట్లో పెట్టుకుంటే చేదు. సరస్వతి ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, అంచు పళ్ళు పళ్ళుగా, పొడవాటి తొడిమ మీద నిలబడుతుంది. సంస్కృతంలో దీన్ని మండూకపర్ణి అంటారు. చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనాల్లో, అంటే బుద్ధికి బలమిచ్చే మందుల్లో, మొదటిది ఈ మండూకపర్ణి స్వరసమే, అంటే పచ్చి ఆకు రసం. మేధకి మంచిదన్న పేరు బ్రాహ్మికీ ఉంది, అందుకే రెండిటి పేర్లూ కలిసిపోయాయి. కేరళలో, బెంగాల్లో బ్రాహ్మి అంటే నీరుసాంబ్రాణి. ఉత్తరాదిలో చాలా చోట్ల మండూకపర్ణినే బ్రాహ్మి అంటారు. ఇక పొడి చేసి పొట్లం కట్టాక ఏది ఏదో ఎవరు చెప్పగలరు? పొట్లం మీద ఒక మొక్క బొమ్మ, కింద ఇంకో మొక్క పేరు నేను స్వయంగా చూశాను. పిల్లల నోట్లో పోసేదానికి ఈ మాత్రం జాగ్రత్త కూడా లేకపోతే ఎలా?

తర్వాత నేను డిగ్రీలో బోటనీ తీసుకోవడానికి ఆ ఉదయమే కారణం. మేం చదివినప్పుడు బ్రాహ్మి స్క్రోఫులారియేసి అనే మొక్కల కుటుంబంలో ఉండేది. డీఎన్ఏ పరిశీలనల తర్వాత దాన్ని ప్లాంటజినేసి కుటుంబంలోకి మార్చారు. సరస్వతి ఆకైతే కొత్తిమీర, జీలకర్రల కుటుంబం. రెండిటికీ చుట్టరికమే లేదు.

మా తమ్ముడు తాగింది నిజానికి అసలైన బ్రాహ్మే. దెబ్బతీసింది ఆ కాలవ అని నా గట్టి నమ్మకం. ఈ మొక్క నీళ్ళలోని కాడ్మియం, సీసం లాంటి లోహాలని తనలోకి లాక్కుంటుంది, మురికినీటి శుద్ధికి పనికొస్తుందా అని దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. అలాంటిదాన్ని మురుగు పక్కన కోసి గ్లాసుల కొద్దీ తాగించడమేమిటి! మంచి చోట పెరిగినా సరే, పరగడుపున ఎక్కువ తాగితే వికారం, కడుపునొప్పి, విరేచనాలు దీనితో వచ్చే ఇబ్బందులే. మన వైద్యంలో దీన్ని నేతిలో కాచి బ్రాహ్మీ ఘృతంగా కొలత ప్రకారం ఇస్తారు, ఇలా గ్లాసుల్లో కాదు.

బ్రాహ్మి జ్ఞాపకశక్తికి పనిచేస్తుందా అని పెద్దవాళ్ళలో జరిగిన అధ్యయనాల్లో చాలావరకు 12 వారాలు వాడించి చూశారు, కనిపించిన ఫలితం కూడా కొద్దిపాటిదే. మూడు వారాల్లో మీ అబ్బాయికి ఒరిగేదేమీ ఉండదు. ఈ టానిక్కుల వెనక తల్లిదండ్రుల టెన్షనే ఎక్కువ. ఆ టెన్షన్ పిల్లాడికి తెలుస్తుంది. వాడిని రాత్రి పదింటికల్లా పడుకోనివ్వండి.

పరీక్షలయ్యాక కావాలంటే సరస్వతి ఆకు కుండీలో వేసి, ఆకు స్వయంగా గుర్తుపట్టి, నాలుగు ఆకులు పచ్చట్లో వేసుకోండి. మందుగా రోజూ ఇవ్వాలంటే ఆయుర్వేద వైద్యుడికి చూపించాకే. థైరాయిడ్ మాత్రలు, ఫిట్స్ మాత్రలు వాడేవాళ్ళయితే డాక్టర్‌ని అడగకుండా బ్రాహ్మి జోలికి వెళ్ళొద్దు. మా పెరట్లో రెండూ పక్కపక్కనే వేశాను. ఎవరైనా ఆకు కోసం వస్తే ముందు రెండిటికీ తేడా చూపించి, ఆ తర్వాతే కోసి ఇస్తాను.