నలభైలో లైన్ మారాలంటే ముప్పైలోనే తయారవ్వాలి

పోయిన నెల మా తెనాలి వైపు కుర్రాడొకడు అమెరికాలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో దిగి వారం కూడా కాకముందే ఫోన్ చేశాడు. అన్నయ్యా, పద్దెనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండి లీడ్ దాకా వచ్చి, అంత జీతం వదిలేసి హైస్కూల్లో లెక్కలు చెప్తున్నారంట కదా, నిజమేనా, ఎందుకెళ్ళారు అని. ఎందుకు అనేది ఒక్క ముక్కలో చెప్పేశాను. బీఎస్సీ చదివే రోజుల్నించీ నాకు పిల్లలకి లెక్కలు చెప్పడం ఇష్టం, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పేవాణ్ణి, తర్వాత ఎంసీఏ, అమీర్‌పేటలో కోర్సు, వీసా, ఇక్కడికొచ్చి పడ్డాను. ఎలా మారాననేదే ఆ అబ్బాయికి పనికొచ్చే సంగతి, అది ఫోన్లో తెమల్లేదు, అందుకే ఇలా కూర్చుని రాస్తున్నా, కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

ముందుగా ఒక మాట. మనవాళ్ళకి ఇక్కడ లైన్ మారాలన్న ఆలోచన నలభై దాటాకే ఎందుకొస్తుందంటే, చాలామందికి అంతకుముందు మారే వీలే ఉండదు. హెచ్1బిలో, అంటే కంపెనీ ఇప్పించే ఉద్యోగ వీసాలో, ఉన్నంతకాలం మీ పని మీ డిగ్రీకీ కంపెనీకీ ముడిపడి ఉంటుంది. కంపెనీ మారొచ్చు గానీ, మారినా, పూర్తిగా వేరే పనిలోకి వెళ్ళినా మామూలుగా గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టైన లేబర్ సర్టిఫికేషన్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టాలి. ఏ దేశానికైనా ఏడాదికిచ్చే కార్డుల్లో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న లిమిట్ వల్ల ఇండియాలో పుట్టినవాళ్ళ క్యూ ఏళ్ళకేళ్ళు సాగుతోంది. నాకు కార్డు చేతికొచ్చేసరికి నలభై మూడు నిండాయి. అప్పటికి పెద్దాడు ఎనిమిదో క్లాసు, ఇంటి మీద లోను, ఇండియాలో అమ్మ మోకాళ్ళ ఆపరేషను. ముప్పైలో అనుకున్నది నలభై మూడులో మొదలెట్టాలంటే ఇవన్నీ మోసుకుంటూ మొదలెట్టాలి. అందుకే ఆ ఎదురుచూసే పదేళ్ళనీ ఊరికే పోనివ్వద్దు అంటున్నాను.

కాగితాల సంగతి తెలుసుకోండి, ఇందులో పొరపాటు చేస్తే దిద్దుకోవడం కష్టం. హెచ్1బి మీద సాయంత్రం కాలేజీకి వెళ్ళి చదువుకోవచ్చు, అది తప్పు కాదు, కానీ మీ కంపెనీ పని కాకుండా పక్కన ఇంకో పని, ఊబర్ నడపడం లాంటివి, చెయ్యకూడదు. ఎవరో చేస్తున్నారని మీరు చెయ్యొద్దు. హెచ్4లో (హెచ్1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) ఉన్నవాళ్ళు ఫుల్‌టైమ్ చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉండాలి, అది 2015 మే నుంచి ఇస్తున్నారు, హెచ్1బిలో ఉన్న భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యుంటే అప్లై చేసుకోవచ్చు. ఐ-140 అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటితే తర్వాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ (క్యూలో మీ వంతు తేదీ) మీదే, కాబట్టి ఆ అప్రూవల్ నోటీసు కాపీ ఎలాగైనా సంపాదించి దగ్గర పెట్టుకోండి. ఐ-485, అంటే చివర్లో వేసే గ్రీన్‌కార్డు అప్లికేషన్, వేసి 180 రోజులు దాటాక కంపెనీ మారొచ్చు అంటారు, నిజమే, కానీ కొత్త ఉద్యోగం పాతదానికి దగ్గరగా ఉండాలి, టెస్టింగ్ నుంచి టీచరంటే అందులోకి రాదు. కార్డొచ్చిన మర్నాడే మానెయ్యడం కూడా మంచిది కాదు. నేను లాయరుని అడిగి, ఆయన సలహా మీద అదే కంపెనీలో ఇంకో ఏడాది చేశాను.

ఆ ఏడాదిలోనే అసలు పని జరిగింది.

టెక్సాస్‌లో బీఈడీ లాంటిది మళ్ళీ చదవకుండా, డిగ్రీ ఉన్నవాళ్ళు టీచర్ అవ్వడానికి ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ అని ఒక దారి ఉంది. జీపీఏ (నాలుగుకి లెక్కేసే సగటు మార్కులు) 2.5 కావాలి, హైస్కూల్ లెక్కలకైతే డిగ్రీలో ఆ సబ్జెక్టు 15 క్రెడిట్ అవర్స్ ఉండాలి, లేదా సబ్జెక్టు పరీక్ష ముందే పాసవ్వాలి. నా ఎంపీసీ బీఎస్సీ ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడ అక్కరకొచ్చింది. కానీ ఆ మార్కులు ఇక్కడి లెక్కలోకి మార్చే ఎవాల్యుయేషన్‌కి యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్లో ట్రాన్‌స్క్రిప్టులు రావాలి, అక్కడే చిక్కుకుపోయాను. మా తమ్ముడు నాలుగుసార్లు తిరిగాడు, ఒకసారి చలానా తప్పన్నారు, ఒకసారి సంతకం పెట్టేవాళ్ళు లేరన్నారు, మొత్తం ఐదు నెలలు. అదే నేను ఇండియా నుంచి బయల్దేరేటప్పుడే ఆ కవర్లు నాలుగు సెట్లు తీయించి పెట్టుకునుంటే, యూనివర్సిటీ నేరుగా పంపాలన్న చోట మళ్ళీ అడగాల్సొచ్చినా, రికార్డులన్నీ సరిగ్గా ఉన్నాయని ముందే తేలిపోయేది.

తర్వాత టెక్సాస్‌లో టీచర్లు రాసే టెక్సెస్ మ్యాథమెటిక్స్ 7-12 (ఏడు నుంచి పన్నెండో క్లాసు దాకా) పరీక్ష, ఐదు గంటలు. మా పెద్దాడి టీఐ-84 క్యాలిక్యులేటర్ తీసుకుని, రాత్రి పదకొండింటికి ఇండియా టీమ్‌తో ఆఫ్‌షోర్ కాల్ అయ్యాక డైనింగ్ టేబుల్ మీద ప్రాక్టీసు. ఇంటిగ్రేషన్ గుర్తుంది, ప్రాబబిలిటీ పూర్తిగా మర్చిపోయాను. వాడే నాకు చెప్పాడు.

డబ్బు గురించి దాపరికం లేకుండా చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు ఈ విషయం దగ్గరే మాట మార్చేస్తారు. డాలస్ చుట్టుపక్కల స్కూల్ డిస్ట్రిక్టుల్లో కొత్త టీచరు జీతం 60 వేల డాలర్ల చుట్టూ ఉంటుంది. నాకొచ్చేదాంట్లో సగం కన్నా తక్కువ. అందులోంచి 8.25 శాతం టీచర్ రిటైర్మెంట్‌కి పోతుంది, చాలా డిస్ట్రిక్టుల్లో సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్‌కి జీతంలోంచి కట్టేది) కట్ అవ్వదు. పాత ఉద్యోగంలో పదేళ్ళు కట్టి, ఆ పెన్షన్‌కి కావాల్సిన 40 క్రెడిట్లు వచ్చినవాళ్ళకి, టీచర్ పెన్షన్ వస్తోందని సోషల్ సెక్యూరిటీ తగ్గించే రూలు ఒకటుండేది, 2025 జనవరిలో చట్టం చేసి దాన్ని తీసేశారు, ఇది మనలాంటివాళ్ళకి పెద్ద ఊరట. ఇన్సూరెన్స్ మాత్రం చూసుకోండి, టీచర్లకి ఫ్యామిలీ ప్రీమియం బాగా ఎక్కువ. మేము మా ఆవిడ ఆఫీసు ప్లాన్‌లోకి మారాం.

మారే ముందు మా ఆవిడ ఒక పని చేయించింది. ఏడు నెలలపాటు నా జీతంలో సగం వేరే అకౌంట్లోకి పంపేసి, మిగతా దాంతోనే ఇల్లు నడిపాం. మొదటి నెల్లోనే రెండో కారు అమ్మేశాం, ఇండియా ప్రయాణం వాయిదా వేశాం, చిన్నదాని కూచిపూడి క్లాసు మాత్రం మానిపించలేదు. ఏడో నెల దాటేసరికి ఇద్దరికీ ధైర్యం వచ్చింది. పైగా ఆ అకౌంట్లో దాదాపు ఏడు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు చేరింది. 401కె (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ డబ్బు) ముట్టుకోవద్దు, యాభై తొమ్మిదిన్నర రాకముందు తీస్తే మామూలుగా టాక్స్ కాక ఇంకో 10 శాతం పెనాల్టీ పోతుంది.

మొదటి ఏడాది కష్టంగానే గడిచింది. తొమ్మిదో క్లాసు ఆల్జీబ్రా, గదిలో ముప్పై ఒక్కమంది. సెప్టెంబర్లో ఒకమ్మాయి మైనస్ బ్రాకెట్ x మైనస్ 3 అని ఉంటే విప్పి మైనస్ x మైనస్ 3 అని రాస్తోంది, ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఒకరోజు పక్కన కూర్చుని, నీకు మూడు డాలర్ల అప్పుంది, ఆ అప్పు నేను తీసేశాను, నీకు నష్టమా లాభమా అని అడిగాను. పెన్సిల్ పట్టుకుని అలా చూసి, మైనస్ మీద అడ్డంగా ఇంకో గీత గీసి ప్లస్ చేసింది. ఆ సాయంత్రం కార్లో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు నేను.

అందరూ టీచర్లవ్వమని కాదు. మా కాలనీలో ఒక చెల్లెలు ఏలూరు అమ్మాయి, బీకాం, హెచ్4లో ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయింది. ఈఏడీ రాగానే నర్సింగ్ అనుకుంది, కానీ ఒక్కసారిగా అందులోకి దిగకుండా ముందు వంద గంటల సీఎన్ఏ (నర్సింగ్ సహాయకురాలు) ట్రైనింగ్ చేసి ఒక నర్సింగ్ హోమ్‌లో ఆర్నెల్లు పని చేసింది. పెద్దవాళ్ళకి స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం. ఇది చెయ్యగలనని తేలాకే కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ, మైక్రోబయాలజీ ఒక్కో సెమిస్టర్‌కి ఒక్కోటి చొప్పున చదివి, తర్వాత రెండేళ్ళ కోర్సు, నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్, ఇప్పుడు నలభై రెండేళ్ళకి రిజిస్టర్డ్ నర్సు, అంటే ఆర్‌ఎన్. ఆ ఆర్నెల్లే తనని నిలబెట్టాయని చెప్తుంది. ఏ లైన్‌లోకి వెళ్ళాలనుకున్నా ఇలా కింద మెట్టు మీద నిలబడి చూడండి. నేను కూడా శనివారాలు లైబ్రరీలో పిల్లలకి ఉచితంగా లెక్కలు చెప్పి చూసుకున్నాకే అడుగేశాను.

లేఆఫ్ అయ్యింది కదా అని ఆ బాధలో లైన్ మారకండి. హెచ్1బి వాళ్ళకి అప్పుడు చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు, అందులో ముందు స్టేటస్ కాపాడుకోండి, కొత్త లైన్ గురించి తర్వాత ఆలోచించొచ్చు.

అమ్మకి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత, మళ్ళీ బడికే వెళ్తున్నావా నాన్నా, వేళకి తింటావా అని అడిగింది. మా బడిలో లంచ్ పది యాభైకే అని చెప్పలేదు.

ఈ డిసెంబర్లో ఇండియా వెళ్తున్నవాళ్ళు ట్రాన్‌స్క్రిప్టుల పని దిగిన మొదటి వారంలోనే పెట్టుకోండి, ఒరిజినల్ మార్కుల లిస్టులు, ఫొటోలు, హాల్ టికెట్ నంబర్లు పట్టుకెళ్ళండి. సంక్రాంతి సెలవులు మొదలైతే కౌంటర్ దగ్గర ఎవరూ దొరకరు.