పాత పుస్తకాన్ని మళ్లీ అచ్చేసే ముందు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. 18వ శతాబ్దపు ఇంగ్లీషు మత, తత్వ గ్రంథాలను స్కాన్ల నుంచి తీసి మళ్లీ అచ్చేస్తానని, హ్యూమ్, బట్లర్, టిండల్‌లతో మొదలుపెడతానని రాశావు. చాలా సంతోషం. అయితే నీ ఉత్తరమంతా కాగితం, బైండింగు, అట్ట గురించే ఉంది. అవి చివరి వారంలో తేలిపోయే పనులు. అంతకంటే ముందు, ఎక్కువ రోజులు పట్టే పని ఇంకొకటుంది. ఏ కూర్పును (ఎడిషన్‌ను), అందులో ఏ ప్రతిని అచ్చేస్తున్నావో నువ్వు ఖాయం చేసుకోవాలి.

హ్యూమ్ 'ట్రీటిస్ ఆఫ్ హ్యూమన్ నేచర్' సంగతే చూడు. మొదటి రెండు సంపుటాలు 1739లో, మూడోది 1740లో వచ్చాయి. మూడో సంపుటం చివర ఒక అనుబంధం ఉంది. మొదటి సంపుటంలో ఫలానా పేజీ దగ్గర ఈ భాగం చేర్చుకోమని హ్యూమే అందులో చెప్పాడు. మొదటి సంపుటం స్కాను శుభ్రంగా దొరికింది కదా అని అదొక్కటే వేస్తే, రచయిత తన పుస్తకాన్ని తానే దిద్దుకున్న సంగతి పాఠకుడికి చేరదు. హ్యూమ్‌దే, 'ఎంక్వయిరీ' అని మనం పిలిచే పుస్తకం 1748లో 'ఫిలసాఫికల్ ఎస్సేస్' అనే పేరుతో వచ్చింది. ఇప్పటి పేరు 1758లో పెట్టారు. ఆయన ఆఖరి దిద్దుబాట్లన్నీ ఉన్నది 1777 కూర్పు. 1748 నాటి స్కాను లోపల పెట్టి అట్ట మీద ఇప్పటి పేరు వేస్తే, అట్టకూ టైటిల్ పేజీకీ పొసగదు. బట్లర్ 'అనాలజీ' మొదటి కూర్పు, దిద్దిన రెండో కూర్పు రెండూ 1736లోనే వచ్చాయి. మొదటిది క్వార్టో (కాగితాన్ని 4 ఆకులుగా మడిచే పెద్ద సైజు), రెండోది ఆక్టావో (8 ఆకులుగా మడిచే చిన్న సైజు), కాబట్టి పేజీల సంఖ్యలు కలవవు. టిండల్ 1730 పుస్తకం మీద మొదటి సంపుటం అని ఉంటుంది, రెండోది అచ్చు కాలేదు. ఆ ముక్క నువ్వు ముందుమాటలో చెప్పకపోతే, కొన్నవాళ్లు రెండో సంపుటం ఏదని అడుగుతారు.

ఇవన్నీ తేల్చుకోవడానికి ఇంగ్లీష్ షార్ట్ టైటిల్ కేటలాగ్ ఉంది. 1800 వరకు అచ్చయిన ప్రతి కూర్పుకూ అందులో విడిగా ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య నీ నోటుపుస్తకంలోకి ఎక్కాకే స్కాను దించుకో.

దించేటప్పుడు పీడీఎఫ్ జోలికి పోకు. పాత పుస్తకాల స్కాన్లుండే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులో చాలా పుస్తకాలకు పేజీల అసలు బొమ్మలు జేపీ2 అనే బొమ్మ ఫైళ్ల రూపంలో ఒక జిప్ ఫైలుగా ఉంటాయి. సైజు పెద్దదైనా అదే తీసుకో. పీడీఎఫ్‌ను కుదించే పద్ధతుల్లో ఒకటైన జేబిగ్2, ఒకేలా కనిపించే అక్షరాలను ఒక్కటిగా లెక్కగట్టి ఒకదాని స్థానంలో మరొకటి పెట్టగలదు. 18వ శతాబ్దపు అచ్చులో ఒకేలా కనిపించే అక్షరాలకు కొదవ లేదు. ఎయిటీన్త్ సెంచురీ కలెక్షన్స్ ఆన్‌లైన్ అనే చందా భాండాగారంలోని బొమ్మలు ఎక్కువగా మైక్రోఫిల్ముల నుంచి తీసినవి. అవి నలుపు తెలుపే, పలుచని గీతలు చాలాచోట్ల తెగిపోయి ఉంటాయి. చదువుకోవడానికి పనికొస్తాయి కానీ పెద్దవి చేసి అచ్చేస్తే బాగుండవు.

ఇక పేజీలు సరిచూడటం. మన ప్రెస్సుల్లో ఫారం అంటే 16 పేజీలని నీకు తెలుసు. ఆక్టావో పుస్తకంలో కట్ట (ఒక కాగితాన్ని మడిస్తే వచ్చే ఆకుల గుంపు) కూడా అంతే, 8 ఆకులు, 16 పేజీలు. ప్రతి కట్ట మొదటి ఆకు అడుగున ఒక అక్షరం ఉంటుంది. మామూలుగా పీఠిక 'ఏ' (A) అక్షరమున్న కట్టలోకి పోయి, అసలు పాఠం 'బీ' (B)తో మొదలవుతుంది. 'బీ' 1వ పేజీలో, 'సీ' 17లో, 'డీ' 33లో, 'ఈ' (E) 49లో, ఇలా 16 చొప్పున పెరుగుతూ పోతుంది. జె, డబ్ల్యూ ఉండవు. యూ, వీలలో ఒకటే ఉంటుంది. క్వార్టోలో ఈ అంతరం 8, 12 ఆకుల కట్టలుండే డ్యూయోడెసిమోలో 24. ఒక కాగితం మీద ఈ పట్టిక గీసుకుని, స్కానులో ఆయా పేజీల అడుగున ఆ అక్షరం ఉందో లేదో చూసి టిక్కు పెట్టు. 400 పేజీల పుస్తకానికి గంట కూడా పట్టదు.

192వ పేజీ తర్వాత 195 కనిపించిందనుకో. ఆకు పోయిందని కంగారుపడకు, పోలేదనీ అనుకోకు. ఆ కాలంలో ప్రతి పేజీ అడుగున కుడివైపు, తర్వాతి పేజీ మొదటి మాటను ముందే అచ్చేసేవారు. దాన్నే క్యాచ్‌వర్డ్ అంటారు. 192 అడుగున ఉన్న మాటతోనే 195 మొదలై, కట్టలో ఆకులు ఎనిమిదీ ఉంటే, అచ్చువాడు అంకె తప్పేశాడన్నమాట. మాట కలవకపోయినా, ఆకులు తగ్గినా ఆ పేజీలు నీ దగ్గర లేవు. అదే కూర్పుకు చెందిన మరో ప్రతి నుంచి తెచ్చుకో, వేరే కూర్పు నుంచి మాత్రం అతకవద్దు. మడతపెట్టిన పటాలను విప్పకుండానే స్కాన్ చేయడం, వెన్నువైపు పక్కనోట్సు సగం మడతలోకి పోవడం కూడా మామూలే. తప్పొప్పుల పట్టిక ఒక్కోసారి పీఠిక వెనకాల దాక్కుంటుంది, వెతుకు.

ఫొటో ప్రతిగా (పాత పేజీల బొమ్మలనే) వేస్తావా, కొత్తగా కంపోజ్ చేయిస్తావా అన్నది ఇప్పుడు తేల్చుకో. మొదటి పుస్తకానికి ఫొటో ప్రతే మేలని నా అభిప్రాయం. కంపోజింగ్‌కు దిగితే పొడవు ఎస్ దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. 1800 ప్రాంతం వరకు ఇంగ్లీషు అచ్చులో మాట మొదట, మధ్యలో వచ్చే ఎస్ దాదాపు ఎఫ్‌లా ఉంటుంది. ఎఫ్ అడ్డగీత కాండానికి రెండువైపులా ఉంటుంది, పొడవు ఎస్‌కు ఎడమవైపు చిన్న ముల్లు మాత్రమే. ఇటాలిక్‌లో అదీ ఉండదు. బొమ్మలోని అక్షరాలను టైపు పాఠంగా మార్చే ఓసీఆర్ యంత్రం దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. 'సచ్' అనే మాట 'ఫచ్' అయితే స్పెల్‌చెక్ పట్టేస్తుంది. కానీ 'సోల్' (soul) 'ఫౌల్' (foul) అయితే పట్టదు, అదీ ఇంగ్లీషు మాటే కాబట్టి. ఆత్మ గురించి రాసిన చోట మురికి అని అచ్చవుతుంది! 'సిన్' 'ఫిన్' అవుతుంది, 'సేమ్' 'ఫేమ్' అవుతుంది, మత గ్రంథాల్లో అడుగడుగునా వచ్చే 'సెయిత్' (saith, 'అంటాడు' అనే పాత మాట) కాస్తా 'ఫెయిత్' (faith) అవుతుంది. ఇలాంటి జంటలన్నీ ఒక జాబితాగా రాసుకుని, ఒక్కో మాటను వెతికి, పక్కన బొమ్మ పెట్టుకుని చూడటం తప్ప మార్గం లేదు. ముందుగా టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్ అనే ప్రాజెక్టు వాళ్లు చేత్తో టైపు చేయించిన పాఠాల్లో నీ పుస్తకం ఉందేమో చూడు. 18వ శతాబ్దానివి 2,000కు పైగా ఉచితంగా ఇచ్చారు.

కంపోజ్ చేసేటప్పుడు పొడవు ఎస్‌ను మామూలు ఎస్‌గా మార్చు, కానీ పాత స్పెల్లింగులను, పెద్దక్షరాలను, ఇటాలిక్‌లను తాకకు. అధోజ్ఞాపికలకు (ఫుట్‌నోట్లకు) వాడిన నక్షత్రం (*), బాకు (†) గుర్తులు ప్రతి పేజీలో మళ్లీ మొదలవుతాయి. నీ పేజీలు మారతాయి కాబట్టి వాటిని అంకెలుగా మార్చాలి. గ్రీకు, హీబ్రూ ముక్కలు ఆ భాష తెలిసినవారి చేత టైపు చేయించు.

ఫొటో ప్రతికి బొమ్మ శుభ్రం చేసేటప్పుడు మచ్చలు తీసే మీట అతిగా నొక్కకు. ఫుల్‌స్టాపులు, కామాలు, ఆ ఎస్ పక్కనున్న ముల్లు మచ్చలతో పాటే పోతాయి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) 3, 4 పిక్సెళ్లకు మించిన చుక్కను యంత్రానికి వదలకుండా కంటితో చూసి తీసెయ్. ప్రెస్సుకు 600 డీపీఐ నలుపు తెలుపు ఫైలు ఇవ్వు. బూడిదరంగు బొమ్మ ఇస్తే వాళ్లు దాన్ని చుక్కలుగా విడగొడతారు, అక్షరం అంచు అరిగినట్టు కనిపిస్తుంది. బొమ్మ వెడల్పు పిక్సెళ్లను అచ్చులో వచ్చే అంగుళాలతో భాగిస్తే అసలు డీపీఐ తెలుస్తుంది. అది 300 దాటకపోతే వేరే స్కాను వెతుకు.

హక్కుల విషయంలో, ఆ రచయితల పాఠం మీద ఎవరికీ హక్కు మిగల్లేదు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు దాటితే చాలు. ఆధునిక సంపాదకుడి పీఠిక, నోట్సు, అనువాదం మాత్రం వేరే లెక్క. స్కాన్ల మీద, ముఖ్యంగా చందా కట్టి చూసే భాండాగారాల్లో, ఆ సంస్థ నిబంధనలు కూడా ఉంటాయి. అచ్చేసి అమ్ముతానని చెప్పి రాతపూర్వకంగా అనుమతి అడుగు. టైటిల్ పేజీ వెనక, ఏ గ్రంథాలయం ప్రతి, దాని షెల్ఫు సంఖ్య, కేటలాగు సంఖ్య, ఏ పేజీలు వేరే ప్రతి నుంచి తెచ్చావు, ఏం శుభ్రం చేశావు అన్నీ వెయ్. ఉల్లేఖించే పరిశోధకుడు నీ పుస్తకాన్ని నమ్మేది ఆ నాలుగు వరుసలు చూసే.

పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్, రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ దగ్గర ఉచితంగానే వస్తుంది. 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి.

డెమ్మీ 1/8 సైజు, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) నేచురల్ షేడ్ మాప్‌లిథో కాగితం సరిపోతుంది. మెరిసే తెల్ల కాగితం వద్దు. ఆకు మందం సుమారు 0.1 మి.మీ., కాబట్టి 400 పేజీలకు వెన్ను 20 మి.మీ. దాకా వస్తుంది. వెన్నువైపు మార్జిన్ 22 మి.మీ.కు తగ్గించకు. కాగితం గ్రెయిన్ (పీచు సాగే దిశ) వెన్నుకు సమాంతరంగా ఉండాలని ప్రెస్సులో గట్టిగా చెప్పు, లేకపోతే వానాకాలంలో పేజీలు అలల్లా లేస్తాయి. ముందు ఒక్క ప్రతి కట్టించి, సరిగ్గా మధ్య పేజీ దగ్గర విప్పి, వరుసల చివరి అక్షరాలు వెన్నులోకి పోలేదని చూసుకున్నాకే మిగతావి వేయించు.

మొదటి పుస్తకం కట్టల పట్టిక గీయగానే ఫొటో తీసి నాకు పంపు. టిక్కు పడని చోట్లు ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న