సూది గుచ్చితే గడ్డ పాకుతుందా? అమ్మకి బయాప్సీ చేయించాలా?

మీ అమ్మగారికి 52 ఏళ్లని, ఎడమ రొమ్ములో రెండు నెలలుగా గడ్డ ఉందని, నొప్పేమీ లేదని రాశారు. డాక్టరు బయాప్సీ (గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) అంటుంటే మీ పెద్దమ్మగారు "సూది గుచ్చితే పాకుతుంది, పసరు కట్టు కడదాం" అంటున్నారు. బయాప్సీ చేయించండమ్మా, ఈ వారంలోనే. నేను ఆ దారిలో నడిచినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

నాకు 46వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. స్నానం చేస్తుంటే సబ్బు చేతికి కుడి రొమ్ము పైన, చంక వైపు శనగగింజంత గట్టిగా తగిలింది. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేదు కదా అనే ఊరుకున్నాను. అమ్మాయి ఇంటర్ పరీక్షలు అవనీ అనుకున్నాను. అవి అయ్యేసరికి పిన్ని కూతురి పెళ్లి. అలా నాలుగు నెలలు గడిచిపోయాయి, గడ్డ ఉసిరికాయంత అయింది, చంకలో బిళ్ల కట్టింది. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. నెలసరి ముందు రొమ్ములు సలిపితే హడలిపోతాం గానీ, ఆ నొప్పులు చాలామటుకు క్యాన్సర్ కావు. నొప్పి లేని గట్టి గడ్డనే ముందు చూపించుకోవాలి. చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోయినా, రక్తం కలిసిన నీరు కారినా, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడినా అంతే. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ వాటికి ఏ ప్రమాదమూ ఉండదు. కానీ అనుమానం ఉన్న గడ్డ సంగతి తేలాలంటే ముక్క తీసి చూడాల్సిందే.

మా అత్తయ్య కూడా సూది వద్దనే అన్నారు. వాళ్ల ఊళ్లో ఒకావిడ సూది పరీక్షయిన ఏడాదికే పోయిందట. నెమ్మదిగా అడిగితే తెలిసింది, క్యాన్సర్ అని చెప్పాక ఆవిడ భయపడి వైద్యమే చేయించుకోలేదు. ఆవిడ ప్రాణం తీసింది జబ్బు. నింద సూది మీద పడింది.

అసలు బయాప్సీలో జరిగేది ఇంతే. ముందు తిమ్మిరెక్కడానికి ఒక ఇంజెక్షన్, అదొక్కటే చురుక్కుమంటుంది. తర్వాత స్టేప్లర్ కొట్టినట్టు టక్కున చప్పుడు, నాకు ఐదుసార్లు వినిపించింది. సీసాలో వేస్తుంటే చూశాను, సేమియా పోగుల్లాంటి సన్నటి ముక్కలు. కాసేపు గట్టిగా అదిమిపట్టి, పట్టీ వేసి పంపించేశారు. అడిగేటప్పుడు "కోర్ బయాప్సీ" అని అడగండి. సన్న సూదితో కణాలు మాత్రమే లాగితే తర్వాతి పరీక్షలకి సరిపోకపోవచ్చు.

ఇంకో మాట. మొదట మా టౌన్‌లో ఒక డాక్టరు చేత్తో చూసి "కొవ్వు గడ్డే, అరగంటలో తీసేద్దాం" అన్నారు. నేను ఒప్పేసుకున్నాను కూడా. నర్సుగా చేసే మా ఆడపడుచు వచ్చి ఆపింది. అదేమిటో తేలకుండా కోసేస్తే మళ్లీ ఆపరేషన్ పడుతుంది, వైద్యం వరస తప్పుతుంది. ఎవరు తొందరపెట్టినా దీనికి మాత్రం ఒప్పుకోకండి.

ఒకవేళ క్యాన్సర్ అని తేలితే రిపోర్టులో ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా అని చెప్పేవి), హెర్2 (గడ్డని వేగంగా పెంచే ఒక ప్రొటీన్) అనే మూడు చూడండి. మందులు చాలావరకు వీటిని బట్టే నిర్ణయిస్తారు. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అయితే హార్మోను మాత్రలు కనీసం ఐదేళ్లు. నెలసరి ఆగినవాళ్లకి ఎక్కువగా లెట్రోజోల్ లాంటివి ఇస్తారు, నాకు టామాక్సిఫెన్ ఇచ్చారు. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్, మామూలుగా ఏడాది పాటు. మూడూ నెగటివ్ అయితే ముఖ్యంగా కీమో మీదే ఆధారపడతారు.

రొమ్ము మొత్తం తీసేస్తారా అని అడిగారు. అందరికీ అక్కర్లేదు. తొలిదశలో గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చినా, మొత్తం తీసినా బతికే అవకాశం ఒకటేనని ఇటలీలో, అమెరికాలో 20 ఏళ్ల పాటు చూసి 2002లో ప్రకటించారు. నాకు ముందు కీమోతో గడ్డని కరిగించారు. మూడు వారాలకోసారి నాలుగుసార్లు ఎర్రమందు, తర్వాత వారం వారం పన్నెండుసార్లు ఇంకో మందు. ఎర్రమందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారుపడకండి. కానీ కీమో రోజుల్లో జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి, మాత్ర వేసుకుని పడుకోకూడదు. ఆ తర్వాత గడ్డ, చంకలో బిళ్లలు తీశారు, రేడియేషన్ 15 రోజులు.

చంకలో ఆపరేషన్ అయ్యాక నా చెయ్యి భుజం దాటి లేవలేదు. వంటింటి గుమ్మానికి వేళ్లు ఆనించి, చీమ పాకినట్టు పైకి పాకించమన్నారు. ఎక్కడ ఆగితే అక్కడ మా అమ్మాయి పెన్సిల్‌తో గీత గీసి తారీఖు వేసేది. కొన్ని రోజులు గీత మీదే గీత పడేది, ఏడుపొచ్చేది. రెండు నెలలకి పై కమ్మీ అందింది. ఆ గుమ్మానికి ఇప్పటికీ రంగు వేయనివ్వలేదు.

డబ్బు కోసం ఆగకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ వైద్యానికి వర్తిస్తాయి, ఆసుపత్రిలో ఆ పథకాల డెస్కు దగ్గర అడగండి. హైదరాబాద్‌లో ఎమ్మెన్జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. పసరు మాత్రం వద్దు. కట్టు కింద చర్మం పుండై, వైద్యం ఇంకా ఆలస్యమవుతుంది.

బయాప్సీకి ముందు హుక్కులున్న జాకెట్టు వేయించండి, రక్తం పలచనయ్యే మాత్రలేమైనా వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పండి. వీలైతే పెద్దమ్మగారినీ వెంట తీసుకెళ్లండి. ఆ రోజు మా అత్తయ్య బయట బెంచీ మీద కూర్చుని దేవుణ్ని తలుచుకుంటున్నారు. నేను నడుచుకుంటూ వచ్చి "టీ తాగుదామా అత్తయ్యా" అంటే, నా భుజం తడిమి చూసి, "ఇంతేనా?" అన్నారు. ఆ తర్వాత ప్రతి కీమోకీ నా పక్కన ఆవిడే కూర్చున్నారు.