ఎడారిలో బాతులకేం పని?

ప్రశ్న: సార్, మాది బరంపురం. ఏటా చలికాలం రంభ వెళ్లి పడవెక్కి చిలికాలో పక్షుల్ని చూసొస్తాం. ఈసారి అమెరికాలో, నెవాడాలో ఉన్న మా అమ్మాయి ఒక వీడియో పంపింది, చుట్టూ బోడికొండలు, తెల్లగా ఉప్పునేల, మధ్యలో నీళ్లు, నీళ్ల నిండా బాతులు. స్టిల్‌వాటర్ అంట, పక్షుల కోసం 1949 నుంచీ కాపాడుతున్నారంట. ఎడారిలో నీళ్లెక్కడివండీ? ఆ పిట్టలకి వేరే చోటే దొరకలేదా?
— ఒక పాఠకురాలు

జవాబు: దొరక్కే కదమ్మా అక్కడ దిగుతున్నాయి! చుట్టుపక్కల అంతా ఎండునేలే, వలసపోయే దారిలో, రాత్రి బస్సు హోటల్ దగ్గర ఆగినట్టు, అవి అక్కడ ఆగాల్సిందే. నీళ్లంటారా, అక్కడ కురిసిన వాన కాదు, సియెర్రా నెవాడా కొండల మీద మంచు కరిగి కార్సన్ నదిగా దిగుతుంది, మీ రుషికుల్యలాగా సముద్రంలో కలుద్దామంటే దానికి దారి లేదు, ఆ లోయలోకొచ్చి ఆగిపోతుంది. నీరు ఎండకి ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పుమడుగుల్లో ఈగల పిల్లపురుగులు, నీటిపురుగులు తెగ పుడతాయి, పొడుగుకాళ్ల పిట్టలు వాటిని మెక్కి, కొవ్వు పట్టించుకుని మళ్లీ ఎగిరిపోతాయి. గూడబాతులది, అదే పెలికాన్లది, ఇంకో తమాషా, గూళ్లేమో పిరమిడ్ లేక్ మధ్యలో అనాహో అనే దీవిలో, చేపల వేటకేమో ఇక్కడిదాకా.

అసలు కథ వేరే ఉంది. 1900ల మొదట్లో ఆనకట్టలు, కాలవలు కట్టి నది నీళ్లు పొలాలకి మళ్లించారు, చిత్తడినేల ఎండిపోతూ వచ్చింది, చివరికి పొలాల్లోంచి కారిన మురుగునీళ్లే దానికి గతి. 1990లో చట్టం చేసి, అమ్ముతామన్న రైతుల దగ్గర నీటిహక్కులు కొనడం మొదలెట్టారు. అంటే మీ అమ్మాయి చూపించిన నీళ్లలో కొంత డబ్బిచ్చి కొన్నదే! పిట్టలకి నీళ్లు కొనడమేంటని నవ్వకండి, మీ చిలికాకి సముద్రం దారి పూడుకుపోతే 2000లో కొత్త ముఖద్వారం తవ్వింది ఊరికే అయిందా ఏంటి?

ప్రశ్న: మా పక్కన తేలుకుంచికొచ్చే కొంగలు సైబీరియావేనా?
— ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: అందరూ అదే అంటారు గానీ కాదండీ. అవి ఓపెన్‌బిల్ కొంగలు, మన దేశానివే. వానలు పడగానే వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టి, వరిమళ్లలో నత్తలు ఏరుకుని తిని పిల్లల్ని పెంచుకుంటాయి. చలికి తట్టుకోలేక పారిపోయొచ్చే పక్షి జూన్‌లో వస్తుందా, మీరే చెప్పండి!