అప్లికేషన్ చదివాను బిడ్డా, ముందు వాక్యం సంగతి చూద్దాం

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఇంగ్లీషులో రాసి వాట్సాప్‌లో పంపిన జాబ్ అప్లికేషన్ రెండుసార్లు చదివాను. స్పెల్లింగులు బాగానే ఉన్నాయి. ఏ గ్రామర్ పుస్తకం కొనాలి పెద్దమ్మా అని అడిగావు కదా, ఇప్పుడే ఏదీ కొనకు. నీకు మాటలకు కొరత లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు చేసే పనే నువ్వూ చేస్తున్నావు. వాక్యం తెలుగు పద్ధతిలో కట్టి, మాటలు మాత్రం ఇంగ్లీషువి పెడుతున్నావు.

‘రైతును సేటు మోసం చేశాడు’ అన్నా, ‘సేటు రైతును మోసం చేశాడు’ అన్నా మోసపోయింది రైతే. ఆ ‘ను’ ఆయన్ని వదలదు కాబట్టి మాటలు ఎటు జరిపినా మనకు ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో అలాంటి ‘ను’ లేదు. ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అన్నది మాట ఉన్న చోటును బట్టే తెలియాలి. ‘ది ట్రేడర్ చీటెడ్ ది ఫార్మర్’ అంటే తప్పు సేటుది. ఆ ఇద్దర్నీ అటూ ఇటూ మార్చావో, రైతు మీద కేసు పడుతుంది! అందుకే అక్కడ వరస ముఖ్యం. ముందు కర్త, వెంటనే క్రియ, తర్వాత కర్మ. ఎక్కడ, ఎప్పుడు అనేవి మామూలుగా ఆ తర్వాతే వస్తాయి. మనం క్రియను చివరిదాకా దాచుకుంటాం, వాళ్లు రెండో మాటకే బయటపెడతారు. కాబట్టి ఏ వాక్యం రాయాలన్నా ముందు కర్తను, క్రియను కాగితం మీద పక్కపక్కన పెట్టు. మిగతావన్నీ వాటి వెనకాల చేర్చుకోవచ్చు.

మనకు కర్తను చెప్పకపోయినా నడుస్తుంది. ‘వచ్చాను’ అంటే ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అట్లా కుదరదు. వాన పడుతుంటే ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అంటారు. ఆ ‘ఇట్’ ఎవరని అడగకు. కుర్చీ ఖాళీగా ఉండకూడదని ఎవరినో కూర్చోబెట్టినట్టు, అంతే. క్రియ కూడా ఉండి తీరాలి. ‘మా బాపు రైతు’ అంటే మనకు నిండు వాక్యమే కానీ ‘మై ఫాదర్ ఫార్మర్’ అంటే సగమే. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అనాలి. ఇంకో సంగతి, ‘నాకు’ అని మొదలయ్యే వాక్యాల దగ్గర జాగ్రత్త. నాకు ఆకలిగా ఉంది, నాకు భయం, నాకు ఇద్దరు తమ్ముళ్లు. వీటికి ‘టు మి’ వెతకొద్దు. ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ యామ్ అఫ్రెయిడ్’, ‘ఐ హావ్ టూ బ్రదర్స్’.

ఇక నీ అప్లికేషన్. ‘ఐ యామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2024’ అని రాశావు. ఈ ‘ఐ యామ్’ జబ్బు మా బడి పిల్లల్లో చాలామందికి ఉండేది. చిన్నప్పుడు ‘ఐ యామ్ ఎ గర్ల్’, ‘ఐ యామ్ ఎ స్టూడెంట్’ అని వల్లె వేయిస్తారు. దాంతో ‘ఐ యామ్’ మొత్తం కలిసి ‘నేను’ అని మనసులో పడిపోతుంది. నేను అంటే ‘ఐ’ ఒక్కటే. ‘యామ్’ క్రియ. ‘కంప్లీటెడ్’ ఉండగా దానికి ఇక్కడ పని లేదు. ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2024’, అయిపోయింది. ఏడాది చెప్పకుండా డిగ్రీ అయిపోయిందని మాత్రమే చెప్పాలంటే ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ’. ఏడాది చెప్పినప్పుడు ఆ ‘హావ్’ పెట్టొద్దు. కింద ‘ఐ యామ్ హావింగ్ ఎక్స్‌పీరియెన్స్’ అని ఉంది. మన దగ్గర ఉన్నదాని గురించి, తెలిసినదాని గురించి, ఇష్టమైనదాని గురించి చెప్పేటప్పుడు ఆ ‘ఇంగ్’ వద్దు. ‘ఐ హావ్’, ‘ఐ నో’, ‘ఐ లైక్’ చాలు. ఇంటర్వ్యూలో పేరు చెప్పేటప్పుడు ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టకు, ‘ఐ యామ్’ అని పేరు చెప్పు.

‘రోజూ పరకాల నుంచి బస్సులో వస్తాను’, ‘రేపు వస్తాను’. మనకు రెండు చోట్లా అదే ‘వస్తాను’. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ కమ్’, రెండోది ‘ఐ విల్ కమ్’. అందుకే రాసే ముందు రోజూనా, రేపా అని నిన్ను నువ్వే అడుక్కో. ‘డైలీ ఐ యామ్ కమింగ్’ అని మనవాళ్ల నోట తెగ వినిపిస్తుంది, అది సరికాదు. రోజూ జరిగే పనిలో ‘హి’, ‘షి’ వస్తే ‘కమ్స్’ అనాలి. ఆ చివరి ‘స్’ చిన్నదే కానీ, అడిగేవాళ్ల చెవిన ముందు పడేది అదే.

ప్రశ్నలో క్రియ కర్తను దాటి ముందుకొస్తుంది. ‘వై యు ఆర్ లేట్’ కాదు, ‘వై ఆర్ యు లేట్’. ‘డిడ్’ వచ్చాక మళ్లీ ‘వెంట్’ అనకు, జరిగిపోయిందన్న సంగతి ‘డిడ్’ చెప్పేసింది. ‘డిడ్ యు గో’ చాలు.

యాక్టివ్, ప్యాసివ్ అంటే నీకు టెన్షన్ అన్నావు. పరీక్షల కోసం అటూ ఇటూ మార్పించి మార్పించి దాన్ని బూచిని చేశారు గానీ, ఎవరి గురించి మాట్లాడుతున్నామన్నదే అందులో సంగతి. మన వేయి స్తంభాల గుడి కట్టించిన రాజు గురించి చెబుతుంటే ‘రుద్రదేవ బిల్ట్ ది థౌజండ్ పిల్లర్ టెంపుల్ ఇన్ 1163’, ఇది యాక్టివ్. గుడి గురించి చెబుతుంటే గుడి ముందుకొచ్చి ‘ది థౌజండ్ పిల్లర్ టెంపుల్ వాజ్ బిల్ట్ బై రుద్రదేవ’ అవుతుంది, ఇది ప్యాసివ్. రెండూ సరైనవే. అప్లికేషన్‌లో చెప్పేది నీ గురించి కాబట్టి మొదటి పద్ధతే వాడు.

‘ఎ’, ‘యాన్’లకు అక్షరం కాదు, శబ్దం చూడు. ‘యాన్ అవర్’ అంటాం, ‘ఎ యూనివర్సిటీ’ అంటాం. ‘ది’ మెల్లగా చదవగా చదవగా వస్తుంది, దాని గురించి ఇప్పుడు నిద్ర చెడగొట్టుకోకు. పన్నెండు టెన్సుల పట్టిక కూడా గోడకు అతికించొద్దు. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అని చౌరస్తాల్లో కనిపించే బోర్డుల వాళ్లకు మీ బాపు పత్తి డబ్బులు కట్టడం నాకసలు ఇష్టం లేదు.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఇంట్లో, చేనులో జరిగినవి ఐదు చిన్న వాక్యాలుగా రాయి. చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా వచ్చాకే ‘హూ’, ‘విచ్’ పెట్టి పొడుగువి కలుపు. రాసినవి పైకి చదువు, మీ అమ్మ నవ్వితే నవ్వనీ.

అప్లికేషన్ మళ్లీ టైపు చేసే ముందు ఓసారి కాగితం మీద రాయి. ప్రతి వాక్యంలో కర్త కింద ఒక గీత, క్రియ కింద రెండు గీతలు గియ్యి. గీతలు ఎక్కడ గియ్యాలో తెలియని వాక్యాలను విడిగా ఫొటో తీసి పంపు. మధ్యాహ్నం నేను పడుకుంటాను, సాయంత్రం ఫోన్ చెయ్యి. ఆ ఒక్కొక్కటీ ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ